గుమ్మంలో పెద్ద బూట్లు

"ఇక్కడే ఆపండి!"

"ఇక్కడా? నడిరోడ్డు మీదా? ఇంకో మలుపు తిరిగితే మీ గేటే వస్తుంది తమ్ముడూ!"

"ఆపమన్నానా!"

టాక్సీ కీచుమని ఆగింది.

డబ్బు సీటు మీద పడేసి కిటే తలుపు తోశాడు. వాన. నవంబరు వాన... ముఖం మీద సూదుల్లా!

"ఒక్క నిమిషం!" డ్రైవరు కిటికీ దించాడు. ముసలాయన. జేబులో పెట్టుకునే వేడి సంచి ఒకటి కిటే అరచేతిలో పెట్టాడు. "ఒణుకుతున్నావు. నాకింకోటి ఉందిలే."

కిటే దాన్ని జేబులో తోసేశాడు.

పరుగు!

బుచొన్ ఊరి అంచున హేదాం అపార్ట్‌మెంట్లు. పద్నాలుగో అంతస్తు. అక్కడ అతని ఇల్లు. ఇంట్లో అతని భార్య యున్‌జే.

ఆమెతో... ఎవడు?

ఫోన్ తెర మీద ఫోటో వెలుగుతూనే ఉంది. తన ఇంటి గుమ్మం. చెప్పుల అర. యున్‌జే తెల్ల బూట్లు. వాటి పక్కనే...

మగబూట్లు!

నల్లవి. తోలువి. కిటే రెండు పాదాలూ ఒక్క దాంట్లో పట్టేంత పెద్దవి!

ఈ వారం అతనికి గోడౌన్‌లో నైట్ షిఫ్టు. తెల్లారేదాకా ఇంటికి రాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. వాడికీ తెలిసే ఉంటుంది!

ఫోన్ మోగింది.

"అన్నా, ఎక్కడిదాకా వచ్చావు?"

ప్యో గొంతు. గోడ ప్యానెళ్ళు రిపేరు చేసే మనిషి. ఆ ఫోటో పంపింది ఇతనే.

ఇక్కడ ప్రతి ఫ్లాట్ హాల్లోనూ గోడకు ఒక ప్యానెల్ ఉంటుంది. కాలింగ్ బెల్లు, తలుపు తాళం, లైట్లు, నేల హీటింగు... అన్నీ దానిలోనే. దాని నెత్తి మీద చిన్న గాజు కన్ను. పోయిన ఏడాది ఎక్కడో ఒక కాలనీలో ఆ కళ్ళలోంచి ఎవరో ఇళ్ళన్నీ చూశారని వార్త వచ్చింది. మర్నాటికల్లా హేదాంలో ప్రతి కంటి మీదా పిల్లల స్టిక్కర్లు! యున్‌జే ఎలుగుబంటి స్టిక్కర్ అంటించింది.

కిటే దాన్ని పీకేశాడు. "జిగురంటితే ప్యానెల్ పాడవుతుంది" అన్నాడు.

అబద్ధం.

ఆ వారమే ఇంటర్నెట్‌లో ప్యోని వెతికి పట్టుకున్నాడు. మాస్కు తీయని మనిషి. మెత్తని మాట. "నీ ఫోన్‌లో హాలంతా కనబడుతుంది అన్నా. వదినకు తెలియనే తెలియదు. గోడౌన్‌లో సిగ్నల్ అందకపోతే నేనూ ఒక కన్నేసి ఉంచుతాను. నీ కోసమే!"

ఎందుకు చేశాడంటే... ఒక వేలు.

యున్‌జే కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. ఒకరోజు చెప్పకుండా వెళ్ళి అద్దం బయట నిలబడ్డాడు. ఒక కుర్రాడికి ఫ్రేము సరిచేస్తూ, వాడి చెవి వెనక జుట్టును ఆమె ఒక్క వేలితో పక్కకు తప్పించింది. అంతే. ఆ వేలు అప్పటినుంచి కిటే గుండెలో గుచ్చుకునే ఉంది.

"చెప్పు ప్యో! ఏం జరుగుతోంది?"

"హాల్లో లైటు ఆర్పేసింది. పడగ్గది తలుపు వేసుకుంది."

"ఒక్కతేనా?"

"నేను చూసేసరికి ఒక్కతే. కానీ బూట్లు ఇక్కడే ఉన్నాయి అన్నా. బూట్లు వదిలేసి మగాడు ఎక్కడికి పోతాడు?"

కిటే కళ్ళ ముందు ఎర్రగా మెరిసింది.

పరుగు! పరుగు!

గేటు పక్క గదిలో వాచ్‌మన్ చు తాత కాల్చిన చిలగడదుంప ఒలుచుకుంటున్నాడు.

"అరెరే, పద్నాలుగో అంతస్తు బాబు గారా! నైట్ షిఫ్టు కదా?"

"మా ఇంటికి ఎవడైనా మగాడు వచ్చాడా తాతా?"

"మగాళ్ళా? డెలివరీ వాళ్ళే రోజుకు వందమంది. నేను మొహాలు చూడను బాబూ, హెల్మెట్లే చూస్తాను." తాత దుంపను రెండుగా విరిచి పెద్ద ముక్క చాచాడు. "ముందిది తిను. మొహం పాలిపోయింది."

"వద్దు!"

అప్పుడే బ్లాకు గాజు తలుపు తెరుచుకుంది.

ఒక మగాడు! పొడుగ్గా ఉన్నాడు. చంకలో ఏదో డబ్బా. కాళ్ళకు... పెద్ద నల్ల బూట్లు! అటూ ఇటూ చూసి పార్కింగ్ సెల్లార్ వైపు పరుగెత్తాడు!

"రేయ్!"

వాడు ఆగలేదు.

కిటే ర్యాంపు మీదుగా దూకాడు. తడి సిమెంటు. జారాడు. మోకాలు పగిలింది. లేచాడు. స్తంభాల మధ్య బూట్ల చప్పుడు... టప్ టప్ టప్! కుడివైపు... కాదు, ఎడమ!

దొరికాడు!

వెనకనుంచి కాలరు పట్టి లాగాడు. ఇద్దరూ కారు డిక్కీ మీద పడ్డారు. డబ్బా ఎగిరింది. మూత ఊడింది. ఎర్రటి కిమ్చీ, కారం పట్టించిన క్యాబేజీ ఊరగాయ... నేలంతా!

"అమ్మో! నా కిమ్చీ!"

హాజున్ వాళ్ళ నాన్న! ఎదురింటాయన!

"ఏమైంది మీకు? ఇదేం ఆటండీ?"

"మా ఇంట్లోంచి వస్తున్నావు కదూ? నిజం చెప్పు!"

"మీ ఇంట్లోంచేనండీ! గుమ్మంలో నిలబెట్టి మీ ఆవిడ కిమ్చీ ఇచ్చింది. ఇంటికి పట్టుకెళ్ళేలోపు ఎవడో ఫోన్! మీ కారు అడ్డంగా ఉంది, తీయండి అని. డబ్బాతోనే దిగాను. అడ్డంగా పెడితే పక్కకు తోయడానికి వీలుగా బ్రేకు వేయకూడదు కదా, మర్చిపోయి వేశానట. తోస్తే కదలట్లేదని తిడుతున్నాడు!"

నిజమే. మూడు కార్లకు అడ్డంగా ఆయన పాత కారు. దాని ముందు నిలబడి ఎవరో నిజంగానే తిడుతున్నారు.

కిటే చెయ్యి వదిలింది. "నీ బూట్లు... ఇవి..."

"నా బూట్లకేమైంది? నా కాళ్ళకే ఉన్నాయిగా!"

అవును. కాళ్ళకే ఉన్నాయి. ఫోటోలో బూట్లు ఇంకా పైనే ఉన్నాయి!

"సారీ!" అంటూనే లిఫ్టు వైపు పరుగెత్తాడు.

"ఆ కిమ్చీలో ఆల్చిప్పల మాంసం కూడా ఉందండీ..." హాజున్ వాళ్ళ నాన్న గొంతు వెనక్కి వెళ్ళిపోయింది.

పద్నాలుగో అంతస్తు.

కారిడార్‌లో హాజున్ సైకిలు. హ్యాండిల్‌కు తగిలించిన అల్యూమినియం బేస్‌బాల్ బ్యాటు. కిటే చెయ్యి దాని మీదికి తనంతట తానే వెళ్ళింది.

చల్లగా ఉంది. బరువుగా ఉంది. బాగుంది.

"ప్యో," గుసగుసగా అన్నాడు. "నేను తాళం నంబరు నొక్కితే పాట మోగుతుంది. వాళ్ళకు తెలిసిపోతుంది. చప్పుడు లేకుండా తలుపు తీయగలవా?"

"నువ్వు అడగాలే గానీ అన్నా..."

టక్.

పాట లేదు. బీప్ లేదు. తలుపు దానంతట అదే వేలెడు తెరుచుకుంది. గుమ్మంలో మనిషి కదిలితే వెలిగే లైటు కూడా వెలగలేదు.

ఎంత నమ్మకమైనవాడు!

చీకటి. వంట వాసన. వెల్లుల్లి, ఎండుమిరప పొడి. ఆమె రోజంతా కిమ్చీ పెట్టినట్టుంది. ఎవడి కోసం?

కాలికి బూటు తగిలింది. ఊగి, నిలదొక్కుకున్నాడు.

పడగ్గది తలుపు కింద సన్నని వెలుగు గీత.

లోపలినుంచి ఆమె గొంతు!

"ఏవండీ... లేవండి! ఎవరో ఇంట్లోకి వచ్చారు! లేవండి!"

ఏవండీ!

తనను పిలిచే పిలుపు. పెళ్ళైన కొత్తలో సిగ్గుపడుతూ నేర్చుకున్న పిలుపు. ఇప్పుడు ఆ తలుపు వెనక, ఆ పరుపు మీద, ఇంకొకడిని...

కిటే భుజంతో తలుపును గుద్దాడు. ఒకసారి. రెండోసారి! లోపల అడ్డం పెట్టిన సొరుగుల బల్ల కిర్రున జరిగింది. బ్యాటు ఎత్తాడు!

"ఏడీ వాడు?"

మంచం ఖాళీ.

కిటికీ మూసి ఉంది. బీరువా తలుపు తెరిచే ఉంది. దుప్పట్లు తప్ప ఏమీ లేవు.

మూలలో యున్‌జే. చలికోటు, మేజోళ్ళు. ఒక చేతిలో ఫోను, తెర మీద పోలీసు నంబరు. ఇంకో చేతిలో వంటింటి కత్తెర... మొన అతని వైపే!

"మీరా?"

"ఏడీ అని అడిగాను!"

"ఎవరు?"

"ఆ బూట్ల వాడు! ఇప్పుడు 'ఏవండీ, లేవండి' అని ఎవడిని లేపావు?"

ఆమె నోరు తెరిచింది. మూసింది. తర్వాత నవ్వింది. నవ్వు కాదది... దగ్గులాంటి ఏడుపు.

"ఎవరూ లేరు కాబట్టే అలా అరిచాను! ఇంట్లో మగాడున్నాడని వచ్చినవాడు అనుకోవాలని! ఆ బూట్లు సంతలో పాతవి కొన్నాను. లోపల పేపర్లు కుక్కి ఉన్నాయి, వెళ్ళి చూసుకోండి! ఒంటరి ఆడవాళ్ళు అందరూ పెడతారు. మీరు లేని రాత్రుల్లో నేనూ పెడుతున్నాను. షాపులో పిల్ల చెప్పింది."

కిటే వెనక్కి అడుగువేశాడు. గుమ్మంలో పడిపోయిన బూటు నోట్లోంచి నలిగిన పేపరు బయటికి వచ్చి ఉంది.

బ్యాటు బరువెక్కింది.

"ఎవరికి భయపడి?"

"ఆ గోడకి!" ఆమె హాలు వైపు కత్తెర చూపించింది. "మీరు లేనప్పుడు దాని కన్ను వెలుగుతుంది. నేను వంటింట్లోకి వెళ్తే లైటు ముందే వెలుగుతుంది. మొన్న నాలో నేను 'అబ్బా, చలి' అన్నాను. అంతే! నేల వేడెక్కింది! నేను ఏ బటనూ నొక్కలేదు! మీతో చెప్తే ఏమన్నారు? సెన్సర్ మీద దుమ్ము అన్నారు. మనిషి చూస్తే తలుపేసుకుంటాను. గోడే చూస్తే ఎక్కడికి పోను?"

కిటే బ్యాటు దించాడు.

"చూసింది... నేనే."

కత్తెర మొన మళ్ళీ అతని వైపు తిరిగింది.

"ఏమన్నావు?"

"నేనే, యున్‌జే. ఫోన్‌లో. ఒకడితో పెట్టించాను. నువ్వు ఎవరితోనో... అని. చూడటమే! ఒట్టు, లైట్లు ముట్టుకోలేదు. హీటరు నేను కాదు. హీటరు..."



హీటరు తను కాదు!

మరి...

చేతిలో ఫోను వణికింది. మెసేజ్.

'కొట్టవేం అన్నా?'

ఇంకొకటి.

'ఏం మాట్లాడుకుంటున్నారు? పడగ్గదిలో మాటలు నాకు వినబడవు. హాల్లోకి తీసుకురా.'

యున్‌జే అతని భుజం మీదుగా చదివింది. రెండుసార్లు చదివింది.

ఆమె ఏడుపు ఆగిపోయింది. ముఖంలో ఏదో చల్లబడింది. గట్టిపడింది.

"వీడేనా?"

"...ప్యో."

"ఇంటి తాళాలు కూడా వీడికే ఇచ్చావా?"

కిటే ఫోన్ తెరను నేల వైపు తిప్పాడు. 

కాలింగ్ బెల్లు!

"పోలీస్! తలుపు తీయండి!"

ఇద్దరు. ఒక కుర్ర కానిస్టేబులు, నడివయసు మహిళా ఎస్సై. కుర్రవాడు బ్యాటు చూడగానే కిటే చెయ్యి మెలితిప్పి హాలు గోడకు ఆనించాడు. సరిగ్గా ప్యానెల్ ఎదురుగా. గాజు కన్నులో చిన్న ఆకుపచ్చ చుక్క.

వెలుగుతోంది!

"మా ఆయనేనండీ..." అంటుందనుకున్నాడు.

యున్‌జే ఆ మాట అనలేదు. ఎస్సై చెయ్యి పట్టుకుని పడగ్గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. లోపల సన్నగా మాటలు. ఒక్కటీ అందలేదు.

తలుపు తెరుచుకుంది.

ఆమె నేరుగా హాలు మధ్యకు వచ్చి నిలబడింది. గట్టిగా అంది.

"ఈ మనిషిని తీసుకెళ్ళండి! బ్యాటుతో నా మీదికి వచ్చాడు. ఇతను ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదు!"

"యున్‌జే! వద్దు! నిన్ను ఒంటరిగా వదిలితే వాడు..."

"నోర్ముయ్!" ఎస్సై అరిచింది. "బయట మాట్లాడుకుందాం. నడువు!"

ముగ్గురూ గుమ్మం దాటారు. వెనకనుంచి ఆమె గొంతు, ఎవరితోనూ కాకుండా...

"తాళం కూడా పాడైనట్టుంది. అబ్బా, ఏం చలి! ఎవరైనా ఉంటే బాగుండేది..."

తలుపు మూసుకుంది.

కిటే పిచ్చివాడిలా గింజుకున్నాడు. "మీకు అర్థం కావట్లేదు! అసలువాడు వేరే ఉన్నాడు! ఆమె ఒక్కతే..."

ఎస్సై అతని నోరు అరచేత్తో మూసింది.

"అరవకు. నీ పెళ్ళాం నీకంటే తెలివైనది," చెవిలో అంది. "ఎర ఆమే వేసింది. నేను వద్దన్నాను, వినలేదు. నువ్వు మెట్ల మీద కూర్చో. ఊపిరి కూడా మెల్లగా పీల్చు."

పై అంతస్తు మెట్ల మలుపు. చీకటి.

చలికి పళ్ళు టకటకలాడుతుంటే కుర్ర కానిస్టేబులు తన మఫ్లర్ తీసి కిటే మెడకు చుట్టాడు. ఇందాక అతని చెయ్యి మెలితిప్పిన చెయ్యే.

కింద లిఫ్టు కదిలింది.

అంత త్వరగానా? వాడు ఎక్కడున్నాడు ఇంతసేపూ? ఈ బిల్డింగ్ కిందే!

టింగ్.

మాస్కు. నీలం రంగు పనివాళ్ళ జాకెట్టు. ఒక చేతిలో పనిముట్ల సంచి. ఇంకో చేతిలో... గంజి హోటల్ ప్యాకెట్. ఆవిరి వస్తోంది.

ప్యో!

బెల్లు కొట్టలేదు. నంబరు నొక్కలేదు. తలుపు దానంతట అదే తెరుచుకుంది. తలుపు వేయకుండానే వాడు లోపలికెళ్ళి బూట్లు విప్పాడు. జతగా, బుద్ధిగా, యున్‌జే తెల్ల బూట్ల పక్కనే పెట్టాడు.

ఆ రెండు జతలూ పక్కపక్కనే...

కిటే మెట్టు మీంచి లేచాడు. ఈసారి ఫోటో కాదు. నిజం!

"మేనేజ్‌మెంట్ ఆఫీసు పంపింది మేడమ్," మెత్తని గొంతు. "తాళం పాడైందని చెప్పారట కదా."

"చెప్పానా?" యున్‌జే గొంతు వణకలేదు. "నేను ఎవరికీ ఫోన్ చేయలేదే. గోడకు తప్ప ఎవరికీ చెప్పలేదు."



ప్యాకెట్ కింద పడింది.

"ఇప్పుడు!" ఎస్సై దూకింది.

మెట్లు. తలుపు. కుర్ర కానిస్టేబులు, వెనక కిటే. హాల్లో ప్యో ఆమె మణికట్టు పట్టుకుని ఉన్నాడు. ఇంకో చేతిలో స్క్రూడ్రైవరు. మాస్కు జారింది. మామూలు ముఖం. బస్సులో పక్క సీట్లో కూర్చున్నా గుర్తుండని ముఖం.

"చెయ్యి వదులు! వెనక్కి జరుగు!" ఎస్సై తుపాకీ తీసింది.

ప్యో ఆమె వైపు చూడలేదు. కిటే వైపే చూస్తున్నాడు. కళ్ళల్లో నీళ్ళు!

"నీకేం హక్కుంది అన్నా? ఇన్ని రాత్రులు చూశావు. ఏం చూశావు? గుమ్మం చూశావు, బూట్లు చూశావు, ఎవడొస్తాడా అని చూశావు! ఆమెకు చలి అని ఒక్కరాత్రైనా గమనించావా? నేను గమనించాను! నేల నేను వేడి చేశాను! అన్నం తినకుండా పడుకుంటే నేను..."

"నోర్ముయ్ రా!"

కిటే ఎగిరాడు. ఎలా ఎగిరాడో తెలియదు. వాడి గొంతు అతని రెండు చేతుల్లో ఉంది. స్క్రూడ్రైవరు ఎక్కడో పడిన చప్పుడు. పిసుకుతున్నాడు. వాడు దొంగచాటుగా చూసినందుకు కాదు. వాడు చెప్పింది నిజమైనందుకు!

ఆమెకు చలి అని వాడికి తెలిసినందుకు!

ఢాం!

చెవులు గింగురుమన్నాయి. ఇల్లంతా తుపాకీ మందు వాసన.

"మొదటిది ఉత్త చప్పుడే!" ఎస్సై అరిచింది. "రెండోది నిజం తూటా! వదులు! నువ్వేరా, మొగుడా... వదులు!"

వేళ్ళు వదిలాయి.

ప్యో నేల మీద దగ్గుతున్నాడు. కానిస్టేబులు వాడి చేతులు వెనక్కి విరిచి బేడీలు బిగించాడు. ఒలికిన గంజి మేజోళ్ళ కింద జారుతోంది.

కిటే తల ఎత్తాడు. గసపోస్తూ నవ్వబోయాడు. అయిపోయింది. వాడు దొరికాడు. ఆమె బతికింది. తన యున్‌జే... తనదే!

"యున్‌జే... ఇక భయం లేదు. ఇక నేను..."

ఆమె ఎర్రగా కందిన మణికట్టును నిమురుకుంటోంది. అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. బేడీల వాడిని ఎలా చూసిందో, అలాగే.

ఎస్సై వైపు తిరిగింది.

"ఇద్దరినీ తీసుకెళ్ళండి."